నీళ్ళు పోయేదాకా

ఆ ఇంట్లో లోపల గడియ వేసుకుని స్థిమితంగా కూర్చోగలిగే గది ఒక్కటే, స్నానాలగది. పడకగదుల తలుపులు పాతబడి, చెక్క ఉబ్బి, ఎంత నెట్టినా ఓరగానే ఉండిపోయేవి. మరుగుదొడ్డికి గడియ ఉందిగానీ, దాని ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి తలుపు తడుతూనే ఉంటారు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మూడు గదులు, ఆరుగురు మనుషులు. అత్తగారు, ఆవిడ కొడుకులిద్దరు, పెద్దకొడుకు భార్య, వాళ్ళ ఆడపిల్లలిద్దరు. ఒకరు తుమ్మితే మిగతా అయిదుగురూ ఉలిక్కిపడే ఇల్లు.

ఈ కథ ఆ పెద్దకోడలిది.

ఆమె తెల్లారకముందే లేచేది. లేచిన దగ్గర్నుంచీ నలువైపులా పిలుపులే. పిల్లలకు మేజోళ్ళు కనిపించవు, మరిదికి తాళాలు కనిపించవు, భర్తకు కళ్ళజోడు నెత్తిమీదే ఉన్నా కనిపించదు. అత్తగారు మాత్ర వేసుకున్నారో లేదో అత్తగారికే గుర్తుండదు, అదీ కోడలే గుర్తుపెట్టుకోవాలి. అందరికీ వండి, డబ్బాలు సర్ది, సాగనంపి, మధ్యాహ్నానికి తను మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడాలి. అక్కడ మళ్ళీ జనం, మళ్ళీ పిలుపులు. రాత్రి ఒళ్ళు వాలిస్తే చిన్నకూతురు కాలు తెచ్చి ఆమె పొట్టమీద పడేసేది.

ఈ రెండు హడావుడులకీ మధ్యన ఆమెకి ఒక అరగంట ఉండేది. ఆ అరగంటని ఇచ్చింది స్నానాలగదిలోని టబ్బు.

అది గోడలోకి కట్టేసిన పాతకాలపు ఇనపటబ్బు. తెల్లటి పూత అక్కడక్కడా పెచ్చులూడి ఉండేది. దాని తూము మందకొడి. నీళ్ళు పోవని కాదు, పోతాయి. ఎవరో బతిమాలితే సరే కదా అని లేచినట్టు, బద్ధకంగా పోతాయి. షవర్ కింద నిలబడి ఎంత పొదుపుగా స్నానం చేసినా నీళ్ళు చీలమండలదాకా నిలిచేవి. అందుకని ఆ ఇంట్లో స్నానాలకు ఒక వరస ఉండేది. తొందర ఉన్నవాళ్ళు ముందు, లేనివాళ్ళు తర్వాత, అందరూ అయ్యాక కోడలు.

మురికినీళ్ళు దిగేటప్పుడు పక్కనుండి రుద్దకపోతే టబ్బు చుట్టూ జిడ్డు చార కట్టేస్తుందనీ, ఒకసారి ఆరిందంటే అది ఇక ఊడదనీ ఆమె ఎప్పుడో ఇంట్లోవాళ్ళతో అంది. ఆ మాట నిజమే. కాకపోతే ఆ రుద్దడం రెండు నిమిషాల పని. మిగతా సేపంతా ఆమె టబ్బు అంచుమీద కూర్చుని, పాదాలు నీళ్ళలో పెట్టుకుని, ఏమీ చేసేది కాదు.

నిజంగానే ఏమీ చేసేది కాదు. చదివేది కాదు, పాడేది కాదు, ఏడవడానికైతే ఆమెకి కారణమే లేదు. సబ్బు నురుగు ముక్కలు ముక్కలుగా విడిపోయి తూము వైపు సాగుతుంటే చూసేది. ఒక్కోరోజు నురుగు కుక్కపిల్లలా ఉండేది. ఒక్కోరోజు మందుల షాపు యజమాని ముక్కులా ఉండేది. ఆ ముక్కు తూము దగ్గరికి వెళ్ళి గిరగిరా తిరిగి లోపలికి జారిపోతుంటే ఆమెకు ఆ రోజంతటికీ సరిపడా తృప్తి దొరికేది. నీళ్ళు చీలమండ కిందికి, మడమ కిందికి, చివరికి బొటనవేలి గోరు కిందికి దిగేవి. అప్పుడు లేచి గడియ తీసేది. తీసేసరికి మళ్ళీ అందరికీ అమ్మ, వదిన, కోడలు అయ్యే ఓపిక వచ్చేసేది.

బయటినుంచి ఎవరైనా ఇంకా ఎంతసేపని అడిగితే ఆమె దగ్గర ఒకటే జవాబు. "నీళ్ళు పోతున్నాయి." దానికి ఎవరేమంటారు? నీళ్ళు పోవాల్సిందేగా.

ఇలా ఉండగా ఒకరోజు సాయంత్రం కింది అంతస్తు టైలరు పైకి వచ్చాడు. ఆయనకి ఇల్లూ దుకాణమూ ఒకటే. కత్తిరింపు బల్ల సరిగ్గా వీళ్ళ స్నానాలగది కింద ఉంటుంది. ఆ భవనంలో అందరికన్నా ముందు అద్దెకు దిగినవాడు, ఎవరింట్లో ఏ మేకు ఎక్కడుందో చెప్పగలడు. మెడలో కొలతల టేపుతోనే వచ్చి గుమ్మంలో నిలబడి మొహమాటంగా నవ్వాడు. తన పైకప్పుకి చెమ్మ మచ్చ పడిందన్నాడు. మొదట్లో మనిషి చెవంత ఉండేదట, ఇప్పుడు ఏనుగు చెవంత అయిందట. ఎవరిదో ఖరీదైన కోటు గుడ్డ బల్లమీద పరిచి ఉండగా నిన్న ఒక చుక్క పడిందట. అంచున పడింది కాబట్టి ఆ ముక్క కత్తిరింపులో పోయింది, లేకపోతే తన పరువు పోయేదన్నాడు.

"నీళ్ళు జారిపోతే ఏ బాధా లేదు చెల్లెమ్మా. మీ పైపులో నిలబడిపోతున్నాయి, అందుకే ఎక్కడో పాత అతుకు చెమరుస్తోంది. తూము శుభ్రం చేస్తే అదే ఆరిపోతుంది. కానీ ఒక్క మాట. ఈ బిల్డింగు పైపులు నా పళ్ళలాంటివి. చూడ్డానికి అన్నీ ఉన్నట్టే ఉంటాయి. గట్టిగా కొరికితే ఊడి చేతికొస్తాయి. యాసిడ్లూ, మరిగే నీళ్ళూ పోయకండి. నా దగ్గర స్ప్రింగు తీగ ఉంది, మెల్లగా చేత్తో తిప్పితే చాలు."

భర్త బస్సు డ్రైవరు. రోడ్డుమీద ఎంత పెద్ద బండినైనా సందులోంచి తీసుకెళ్ళగలడుగానీ, ఇంట్లో ఒక మేకు కొట్టమంటే గోడ సగం రాలేది. ఆయన వెంటనే ఆదివారం సంగతి చూస్తానన్నాడు. మరిది కూడా అదే మాట, అన్నకన్నా కాస్త గట్టిగా, అన్నాడు. మరిదికి ఒక కాలేజీ ల్యాబులో సీసాలు కడిగే ఉద్యోగం. అందుకని వాళ్ళమ్మే అతనికి సైంటిస్టని పేరు పెట్టింది. సీసాలో పోసేది ఏదైనా సరే తనకు తెలియనిది ఉండదని అతని ధీమా.

కోడలు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టక తన అరగంట గురించే ఆలోచించింది. పాపం ఆ మనిషి బల్లమీద నీళ్ళు కారుతుంటే నేనేమిటి, నురుగు బొమ్మల గురించి బెంగపడుతున్నానని సిగ్గుపడింది. సిగ్గుపడినా బెంగ తగ్గలేదు. నీళ్ళు గబగబా పోతే గడియ వేసుకుని కూర్చోవడానికి ఏం చెప్పాలి? ఊరికే కూర్చున్నానని చెప్పొచ్చా? ఆ ఇంట్లో ఊరికే కూర్చున్న ఆడమనిషిని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ప్లంబరును పిలిస్తే వారం దాటితేగానీ రాలేనన్నాడు. ఆ మాట విని ఆమెకు లోపల్లోపల హాయిగా అనిపించింది. అనిపించినందుకు మళ్ళీ సిగ్గేసింది. టైలరు అంతదాకా ఆగలేనన్నట్టు చూశాడు. ఆదివారమే ఖాయమైంది.

ఆదివారం పొద్దున్నే, అన్నదమ్ములు రంగంలోకి దిగకముందే, చివరిగా ఒకసారి కూర్చుందామని ఆమె వెళ్ళి గడియ పెట్టుకుంది. టబ్బు అడుగున అప్పటికే కాసిని నీళ్ళున్నాయి. ఎవరో మొహం కడుక్కుని ఉంటారులే అనుకుని, అంచుమీద కూర్చుని, కాలు దించబోయింది.

అరికాలికి వెచ్చగా ఆవిరి తగిలింది.

ఆ వేళకి ఆ పంపులో చన్నీళ్ళు తప్ప రావు. ఆమె కాలు గాల్లోనే ఆపేసి వంగి చూసింది. తూము చుట్టూ తెల్లటి పలుకులు పేరుకుని ఉన్నాయి. వాటి పక్కన నీళ్ళు సన్నగా బుసబుసలాడుతున్నాయి. ముక్కు మండింది. చటుక్కున కాలు వెనక్కి తీసుకుని, కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచి, బయటికొచ్చి తలుపు మూసింది.

మూసి ఇటు తిరిగేసరికి ఎదురుగా భర్త. చేతిలో ఎర్ర మూత సీసా. ముందురోజు డ్యూటీ దిగి వస్తూ కొన్నాడట. దీన్ని ఒక్క మూతెడు పోస్తే రాయి కూడా కరగాల్సిందేనని షాపువాడు చెప్పాడట. కాస్త పక్కకి జరగమన్నాడు.

ఆమె జరగలేదు. రెండు చేతులూ తలుపుకి అడ్డంగా పెట్టింది. ఆ ఇంట్లో ఆమె ఎవరికైనా అడ్డంగా నిలబడటం అదే మొదలు కాబట్టి, అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"ముందు నాకు చెప్పండి. ఇందులో ఇంతకుముందే ఎవరైనా ఏమైనా పోశారా?"

భర్త తనింకా మూతే తియ్యలేదన్నాడు. అత్తగారు గ్లాసులోకి మంచినీళ్ళు పోసుకోవడానికే తనకు ఓపిక లేదన్నారు. పెద్దకూతురు తల అడ్డంగా ఊపింది. మరిది మూలన కూర్చుని, పేపర్లో ఇందాక చదివేసిన పేజీనే మళ్ళీ శ్రద్ధగా చదువుతున్నాడు.

చిన్నకూతురు ఆ ఇంటి గూఢచారి. ఏ సంగతీ దాని కడుపులో ఒక పూట నిలవదు.

"బాబాయి పొద్దున్నే డబ్బా పట్టుకుని లోపలికెళ్ళాడు. ఎవరికీ చెప్పొద్దని నాకు బిస్కెట్టిచ్చాడు."

"తిన్నావుగా, మరెందుకు చెప్పావే?" అన్నాడు మరిది, పేపరు దించకుండానే.

"బిస్కెట్టు అయిపోయింది."

అసలు సంగతి అప్పుడు బయటపడింది. అన్నయ్య లేవకముందే పని పూర్తిచేసి, లేచాక టబ్బు చూపించి ఆశ్చర్యపరుద్దామని మరిది తూము శుభ్రం చేసే పొడి తెచ్చి, డబ్బాలో సగానికి పైగా గుమ్మరించాడు. కాసేపు ఆగి చూద్దామనుకున్నవాడు కునుకు తీశాడు. డబ్బా ఎక్కడుందని అడిగితే సోఫా కిందినుంచి తీసిచ్చాడు. పెద్దకూతురు దానిమీద చీమల్లాంటి అక్షరాలను పైకి చదివింది. చేతికి తగలనివ్వకూడదు, కంట్లో పడకూడదు, కిటికీలు తెరిచి ఉంచాలి, మరే మందుతోనూ, ముఖ్యంగా యాసిడ్‌తో కలపకూడదు. తర్వాత తండ్రి చేతిలోని ఎర్రమూత సీసా తీసుకుని దానిమీదిది చదివింది. అందులో ఉన్నది యాసిడ్.

భర్త సీసా వెనక్కి తీసుకుని, బిగించి ఉన్న మూతనే ఇంకాస్త బిగించాడు. అంతసేపూ ఆయన పోయబోయింది తను వంగి నిలబడే తూములోకేనని, ఆ పొగా ఆ తుంపర్లూ ముందు కొట్టేది తన మొహానికేనని ఆయనకు అప్పుడు తట్టినట్టుంది. కోడలికి తన అరికాలు ఇంకా వెచ్చగా ఉన్నట్టే అనిపిస్తోంది.

"అన్నదమ్ములిద్దరూ కలిసి ఒక్క పని చెయ్యరే అని ఇన్నాళ్ళూ ఏడ్చాను," అన్నారు అత్తగారు. "చెయ్యకపోవడమే మంచిదని ఇవాళ తెలిసింది."

ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే పెత్తనం కోడలి చేతికొచ్చింది. మందు లోపల ఉండగా తీగ పెట్టినా, తూముమీద అదిమి లాగే రబ్బరు పంపుతో కొట్టినా మొహంమీదికి చిమ్ముతుంది కాబట్టి, ముందు దాన్ని నీళ్ళతో కడిగేయాలంది. గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు చేతులకు వేసుకుంది. మరిది బైకుమీద పెట్టుకునే పెద్ద కళ్ళద్దాలు పెట్టుకుంది. ఆ వేషంలో ఆమెను చూసి పిల్లలు పకపకా నవ్వారు. సైంటిస్టు అసలు ఆ ఇంట్లో ఎవరో ఇప్పుడు తెలిసిందని భర్త తమ్ముడి వీపు తట్టాడు. ఆమె చన్నీళ్ళ పంపు సన్నగా విప్పి, టబ్బు పక్కనే పీట వేసుకుని కూర్చుంది. నీళ్ళు కాస్త నిండితే పంపు కట్టేయాలి, మెల్లగా దిగాక మళ్ళీ విప్పాలి. అలా మందు ఆనవాలు లేకుండా పోయేదాకా. ఈ తూము వేగానికి అది మధ్యాహ్నం దాటినా అయ్యే పని కాదు. మిగతావాళ్ళను ఆ చుట్టుపక్కలకు రావద్దంది.

ఆ రోజు ఆమె కూర్చున్నంతసేపు ఆ ఇంటికి వచ్చాక ఎప్పుడూ కూర్చోలేదు. నీళ్ళు పోతున్నాయి. ఇవాళ నిజంగానే పోవాలి. పాదాలు మాత్రం నీళ్ళలో లేవు, తలుపు తెరిచే ఉంది. అయినా కిటికీలోంచి గాలి వస్తోంది, పంపు సన్నగా పాడుతోంది. వీడ్కోలు ఇంత తీరుబడిగా దొరుకుతుందని ఆమె అనుకోలేదు.

కాసేపటికి అత్తగారు ఇంకో పీట తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. 

"ఇక నీళ్ళు గబగబా పోతాయన్నమాట," అన్నారు అత్తగారు.

"పోతాయి అత్తయ్యా. పని త్వరగా తెములుతుంది."

"తెములుతుంది, తెములుతుంది." అత్తగారు కొంగు మోకాళ్ళమీదికి సర్దుకున్నారు. "నేను కాపురానికొచ్చిన కొత్తలో మా ఇంట్లో తొమ్మిదిమందిమి. తలస్నానం చేస్తే జుట్టు ఆరబెట్టుకోవడానికి మేడమీదికి వెళ్ళేదాన్ని. నా జుట్టు చాలా ఒత్తు, ఆరదు అని అందరికీ చెప్పేదాన్ని. నీకు తెలుసుగా నా జుట్టు. ఎలకతోకంత జడ కూడా సరిగా పడదు. ఆరిన జుట్టునే ఎన్నిసార్లు ఆరబెట్టానో."

కోడలు కళ్ళద్దాలలోంచి అత్తగారి వైపు చూసింది. ఆవిడ నీళ్ళవైపే చూస్తున్నారు.  కానీ కోడలికి చెవులు వేడెక్కాయి, పట్టుబడిపోయిన పిల్లలా. పట్టుకున్న మనిషికి కోపం రాలేదని తెలిసినా వేడెక్కాయి.

పలుకులన్నీ కరిగిపోయి, నీళ్ళు తేటగా చల్లగా నిలిచి, వాసన పూర్తిగా పోయేసరికి పొద్దు వాలుతోంది. టైలరు స్ప్రింగు తీగ, రబ్బరు పంపు తెచ్చిచ్చి కిందికి వెళ్ళాడు. తన బల్లమీద గుడ్డలన్నీ తీసి, మచ్చకింద బేసిను పెట్టి, గుడ్డలు కొలిచే చెక్క స్కేలు పట్టుకుని నిలబడతానన్నాడు. ఒకసారి పైకప్పు మీద కొడితే కానివ్వమని, రెండుసార్లు కొడితే ఆపేయమని గుర్తు.

టబ్బు నిండితే నీళ్ళు పొర్లకుండా పోవడానికి పంపు కింద గోడలో ఇంకో కంత ఉంటుంది. దానిమీద గుండ్రటి ఇత్తడి బిళ్ళ. ఆమె ముందు తూముమీద గుడ్డ కప్పింది, స్క్రూలు అందులో పడితే కొత్త తద్దినం కాబట్టి. బిళ్ళ స్క్రూలు రెండూ మెల్లగా విప్పింది. బిళ్ళ లాగితే దాని వెనక వేలాడే కడ్డీ బయటికొచ్చింది. దాని కొసన చెరువులో నాచు పట్టినట్టు జుట్టు పట్టి ఉంది. పిల్లలు ముక్కు మూసుకున్నారేగానీ ఒక్కరూ కదల్లేదు. దానికన్నా మంచి వినోదం ఆ ఆదివారం ఎక్కడా లేదు.

తీగను ఆ పై కంతలోంచే దించాలని టైలరు చెప్పాడు. పైపు వంపు అటునుంచే దారి ఇస్తుందట. భర్త దీపం పట్టుకున్నాడు. మరిది తను తిప్పుతానని ముందుకొచ్చాడు. పొద్దున్న చేసిన పనికి ప్రాయశ్చిత్తం చేసుకోనివ్వమని బతిమాలితే ఆమె తొడుగులూ కళ్ళద్దాలూ ఇచ్చి, బలం పెట్టొద్దని చెప్పి తీగ ఇచ్చింది. అతను మెల్లగానే మొదలుపెట్టాడు. తీగ ఎక్కడో తట్టుకుని ఆగింది. ఆగినదాన్ని జయించాలనిపించింది కాబోలు, మోకాలు టబ్బుకి ఆనించి ఒక్క తోపు తోశాడు.

కిందినుంచి టక్ టక్.

అందరూ బిగుసుకుపోయారు. కిటికీలోంచి టైలరు గొంతు వచ్చింది, రెండు చుక్కలు పడ్డాయని. మూడోది పడుతుందేమోనని కింద ఆయనా, పైన ఆరుగురూ ఊపిరి బిగబట్టి చూశారు. పడలేదు.

ఆమె మరిది చేతిలోంచి తీగ తీసుకుంది, తొడుగులూ కళ్ళద్దాలూ తీసుకుంది. ముందు తీగను జానెడు వెనక్కి లాగింది. తర్వాత పిడిని వేళ్ళతోనే, గడియారానికి కీ ఇచ్చినట్టు, కొద్దికొద్దిగా తిప్పుతూ దించింది. తీగ కొస వంపు దాటడం ఆమె వేళ్ళకు తెలిసింది. అక్కడ మెత్తగా ఏదో తగిలింది. ఇన్నేళ్ళుగా తన అరగంటను కాపాడుతూ వచ్చినది అదేనని ఆమెకు అర్థమైంది.

అక్కడ ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పైపు పాతదనీ, ఇంతకన్నా పోదనీ చెబితే ఎవరూ కాదనరు. ఇప్పుడే రెండు చుక్కలు కూడా పడ్డాయి, సాక్ష్యం సిద్ధంగా ఉంది. కాస్త జుట్టు తీశాం కదా, ఈమాత్రం చాలనుకుంటారు. ఆమె కళ్ళెత్తి చూసింది. గుమ్మంలో అత్తగారు ఒక్కరే ఆమె చేతివైపు కాకుండా మొహంవైపు చూస్తున్నారు. కింద ఆ పెద్దమనిషి పైకప్పువైపు చూస్తూ స్కేలు పట్టుకుని నిలబడి ఉంటాడు, మెడ నొప్పి పుడుతున్నా.

ఆమె తీగను ఇంకో రెండు చుట్లు తిప్పింది. కొస ఆ మెత్తటిదాన్ని పట్టుకుంది. ఆమె లాగలేదు, తిప్పుతూనే వెనక్కి రప్పించింది. వచ్చింది. ముందు కొద్దిగా, తర్వాత పొడుగ్గా, తర్వాత ఇక అయిపోదేమో అన్నంత పొడుగ్గా. నల్లజుట్టు, తెల్లజుట్టు, పిల్లల మెత్తటి జుట్టు, సబ్బు ముద్దలతో కలిసి ఇంటిల్లిపాదిదీ ఒకటే జడ అయి వచ్చింది. మధ్యలో పెద్దదాని తలపిన్ను, ఒక చొక్కా గుండీ, ఏ వస్తువుదో తెలియని ప్లాస్టిక్ ముక్క.

అత్తగారు దాన్ని ఎగాదిగా చూసి, చిన్నకొడుకు పలచబడ్డ నెత్తివైపు చూశారు.

"నీ జుట్టంతా ఎక్కడికి పోయిందిరా అని బెంగపెట్టుకున్నాను. ఇంట్లోనే ఉందన్నమాట."

భర్త నవ్వు ఆపుకోలేక దీపం వదిలేయబోయాడు. మరిది కూడా నవ్వాడు, నెత్తి తడుముకుంటూ.

మిగిలింది చిన్న పని. పై కంతలో తడిగుడ్డ కుక్కి, తూముమీద రబ్బరు పంపు పెట్టి, మెల్లగా నొక్కుతూ లేపుతూ ఉంటే లోపల ఏదో గుటుక్కుమంది. గోరువెచ్చటి నీళ్ళు విప్పారు. నీళ్ళు ఒక చుట్టు తిరిగి, నోరు పుక్కిలించినట్టు శబ్దం చేసి, చూస్తుండగానే మాయమైపోయాయి. కిందినుంచి ఒక్కసారి టక్‌మంది. కాసేపాగి, సంతోషం పట్టలేక కాబోలు, ఇంకోసారి ఒక్కటే.

ఇక చూడాలి ఆ ఇంటివాళ్ళ సంబరం. టబ్బు సగం నింపి వదలడం, నింపి వదలడం. పిల్లలు కాగితం ముక్కలు వేసి తిప్పారు. ఆమె వాటిని తూములోకి పోకముందే ఏరుకుంటూ నవ్వింది. నవ్వుతూనే, తన గదిలోకి చుట్టాలు చొరబడ్డట్టు కాస్త పక్కకి నిలబడింది. భర్త ఆమె భుజంమీద చెయ్యివేసి, ఇక హాయి, పది నిమిషాల్లో స్నానం ముగించుకుని బయటపడొచ్చని ప్రేమగా అన్నాడు. ఆయన మనసులో ఉన్నది మంచే. ఆమె అవునంది.

రాత్రి భోజనాలప్పుడు అత్తగారు కంచంలోంచి తలెత్తకుండా ఒక కొత్త చట్టం చేశారు. పాత పైపులు శుభ్రం చెయ్యగానే సరిపోదట. రోజూ అందరి స్నానాలూ అయ్యాక, తూముమీద కొత్తగా పెట్టిన జాలీలో జుట్టు ఏరాలి, టబ్బు రుద్దాలి, గోరువెచ్చటి నీళ్ళు కొద్దికొద్దిగా వదులుతూ ఎలా పోతున్నాయో చూడాలి. తొందరపడితే మళ్ళీ మూసుకుపోతుంది. అప్పుడు మళ్ళీ పొడులూ, సీసాలూ వస్తాయి. అది అందరికీ చేతనయ్యే పని కాదు, పెద్దకోడలే చెయ్యాలి. ఒక అరగంట పడుతుంది.

మరిది అంత సేపు అక్కర్లేదనీ, రెండు నిమిషాలు చాలనీ అనబోయాడు.

"సగం డబ్బా గుమ్మరించినవాడివి, నువ్వు చెప్పకు," అన్నారు అత్తగారు.

అతను కూర గిన్నె తనవైపు లాక్కున్నాడు. కోడలు నీళ్ళ జగ్గు కోసం లేచి వంటింట్లోకి వెళ్ళి, అక్కడ జగ్గు పట్టుకుని కాసేపు ఒంటరిగా నవ్వుకుంది.

మర్నాడు అందరి స్నానాలూ అయ్యాక ఆమె వెళ్ళి గడియ పెట్టింది. స్నానం చేసింది. పాదాల దగ్గర నీళ్ళు నిలబడలేదు, నురుగు బొమ్మ కట్టేలోపే జారిపోయింది. జాలీలోంచి నాలుగు వెంట్రుకలు ఏరింది. టబ్బు రుద్దింది. అంతా కలిపి రెండు నిమిషాలే, మరిది చెప్పినట్టే. పొడి బట్టలు కట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక ఒకసారి గడియవైపు చూసింది.

బయట అడుగుల చప్పుడైంది. మరిది తన దువ్వెన లోపలే ఉండిపోయిందని, వదిన ఇంకా ఎంతసేపని అడుగుతున్నాడు. ఆమె నోరు తెరిచిందిగానీ ఏం చెప్పాలో తోచలేదు. టబ్బు ఎండిపోయి ఉంది.

"ఆగరా," అని అత్తగారి గొంతు తాపీగా వినిపించింది. ఆవిడ తలుపు పక్కనే కుర్చీ వేసుకున్నట్టున్నారు. "నీళ్ళు పోతున్నాయి."

"నీళ్ళ చప్పుడే లేదు కదమ్మా."

"నీకేం తెలుసు? ఉన్న నాలుగు వెంట్రుకలకీ దువ్వెనెందుకు, చేత్తో సవరించుకుని వెళ్ళు."

అడుగుల చప్పుడు గొణుక్కుంటూ దూరమైంది. ఆమె టబ్బు అంచుమీద కూర్చుంది. గోరువెచ్చటి నీళ్ళ పంపు సన్నగా, దారంలా విప్పింది. ఆ దారం ఆమె మడమలమీద పడి, బొటనవేళ్ళ మధ్యగా పారి, తూము దగ్గర చిన్న సుడి తిరిగి వెళ్ళిపోతోంది. చూడ్డానికి అదీ బాగానే ఉంది.